‘కారం ఇంతే వేశాను’: ఒక అణువును సూదితో కుట్టిన నా అనుభవం

పటం చిన్నదే. లేత గోధుమరంగు మ్యాటీ, అంటే గళ్ళు గళ్ళుగా నేసిన బట్ట మీద ఎడమవైపు ఆరు మూలల వలయం ఒకటి, అక్కణ్ణుంచి కుడివైపుకు వంకర టింకరగా సాగిపోయే పొడుగాటి తోక. మూడు ఎర్ర చుక్కలు, ఒక నీలం చుక్క. కింద గుండ్రటి అక్షరాలతో ‘కారం ఇంతే వేశాను’. మిరపకాయకు మంట ఇచ్చే క్యాప్సైసిన్ అణువు అది. ఒకే ఒక్క అణువు. చేపల పులుసు నోట్లో పెట్టుకున్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటుంటే వండినావిడ అనే మాటకు, అంతకంటే తక్కువ వేయడం ఎవరి వల్లా కాని మోతాదును బొమ్మగా పెట్టామన్నమాట. 1 మిల్లీగ్రాము క్యాప్సైసిన్‌లో ఇలాంటివి 2 పక్కన 18 సున్నలు పెడితే ఎన్నో అన్ని ఉంటాయి. నవ్వు అక్కడుంది.

కావలిలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే ఒక మేడం వంటింటి గోడకు కావాలంటే కుట్టాను. ఆ తరువాత అదే వరసలో ఇంకో రెండు కుట్టాను. సైన్సు మీద నవ్వు కుట్టేటప్పుడు నేను గట్టిగా పట్టుకునే సంగతి ఒకటుంది. బొమ్మలో సైన్సు అక్షరాలా సరిగ్గా ఉండాలి. పువ్వుకు ఒక రేకు ఎక్కువైతే ఎవరూ పట్టించుకోరు. అణువులో ఒక గీత ఎక్కువైతే అది ఇంకో పదార్థం అయిపోతుంది. పైగా ఇలాంటి పటం చూసి ముందు నవ్వేది ఆ గీతలు లెక్కపెట్టగలవాళ్ళే. వాళ్ళ వేలు ఒక గీత దగ్గర ఆగిందంటే నవ్వు కూడా అక్కడే ఆగిపోతుంది.

కింద రాసే మాట కోసం చాలా వెతికాం. మేడం ముందు ‘మంట’ అన్న ఒక్క మాట చాలన్నారు. అది చాలా లోతైన మాట. పొయ్యిలో మంటకూ నోట్లో మంటకూ తెలుగులో ఒకటే మాట. మన నరాల్లో కూడా రెండింటినీ పసిగట్టేది ఒకటే గ్రాహకం. దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలినా, క్యాప్సైసిన్ తగిలినా అదే తెరుచుకుంటుంది. దాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. కానీ గోడ మీద పటాన్ని పక్కన నిలబడి వివరించాల్సి వస్తే అది నవ్వు కాదు, పాఠం. ‘తలా తోకా ఉన్న కారం’ అని ఇంకోటి అనుకున్నాం. అణువుకు నిజంగానే వలయం తల, పొడుగు గీత తోక కాబట్టి బాగానే ఉంది, కాకపోతే వంటింట్లో ఎవరూ అనని మాట. రోజూ అనే మాటే నిలిచింది.

ఇక బట్ట. నెల్లూరు చిన్నబజారులో మీటరు లెక్కన కొలిచి ఇచ్చే మ్యాటీ మీద అంగుళానికి ఎన్ని గళ్ళో రాసి ఉండదు. కొనేముందు స్కేలు పెట్టి అడ్డంగా 2 అంగుళాలు, నిలువుగా 2 అంగుళాలు లెక్కపెట్టాలి. రెండు వైపులా 28 వస్తే 14 గళ్ళ బట్ట అని అర్థం. నేను మొదట తెచ్చిన ముక్కలో అడ్డంగా 28, నిలువుగా 26 వచ్చాయి. పూలకైతే ఫరవాలేదు. షడ్భుజికి మాత్రం అది నిలువుగా సాగి దోసకాయలా కనబడుతుంది. ఆ ముక్కను వేరే పనికి పక్కన పెట్టి ఇంకోటి తెచ్చాను.

ఈ పని మొత్తంలో ముఖ్యమైన చిక్కు షడ్భుజే. గళ్ళ బట్ట 90 డిగ్రీల లోకం. అణువులు 120 డిగ్రీల లోకం. చాలామంది ఏటవాలు గీతను ఒక గడి పక్కకు, ఒక గడి పైకి అని వేసేస్తారు. అది 45 డిగ్రీలు. వలయం డైమండు ముక్కలా మొన తేలుతుంది. సరైన కోణానికి ఏటవాలు గీత పక్కకు నడిచే దూరం పైకి ఎక్కే దూరానికి 1.732 రెట్లు ఉండాలి. గళ్ళల్లో దానికి బాగా దగ్గరగా వచ్చేది 7కు 4, అంటే 1.75. ఒక శాతం తేడాతో సరిపోయినట్టే. అందువల్ల కొలత ఇలా పెట్టుకున్నాను: ఏటవాలు బంధం (పరమాణువుల్ని కలిపే గీత) 7 గళ్ళు పక్కకు, 4 గళ్ళు పైకి లేదా కిందికి. నిలువు బంధం 8 గళ్ళు. ఏటవాలు గీత పొడవు లెక్క కడితే 8.06 గళ్ళు వస్తుంది, అంటే నిలువు గీతతో సమానమే. వలయం 14 గళ్ళ వెడల్పు, 16 గళ్ళ ఎత్తు. 14 గళ్ళ బట్ట మీద వెడల్పు సరిగ్గా అంగుళం. చిన్నగా కావాలంటే 5కు 3 కూడా వాడొచ్చు. కొంచెం పొడుగ్గా అనిపిస్తుంది గానీ ఉంగరం, పర్సు లాంటి చిన్న పనులకు చాలు.

గ్రాఫు కాగితం మీద మొత్తం అణువును ఈ లెక్కనే గీశాను. వలయానికి పై కుడి మూల నుంచి తోక మొదలవుతుంది. ఒక గీత పైకి, అక్కడ కార్బన్. ఒక గీత కిందికి, అక్కడ నైట్రోజన్. మళ్ళీ పైకి, అక్కడి కార్బన్ నెత్తిన నిలువుగా జంట గీత, దాని చివర ఆక్సిజన్. అక్కణ్ణుంచి కిందికీ పైకీ మలుపులు తిరుగుతూ నాలుగు కార్బన్లు దాటాక ఒక జంట గీత, అంటే ద్విబంధం. దాని తరువాత ఇంకో మలుపు, చివర చీలిన కొస. తలవైపు, పై ఎడమ మూలకు ఒక ఆక్సిజన్, దానికి ఇంకో కార్బన్ తగిలించి ఉంటుంది. కింది ఎడమ మూలకు ఆక్సిజన్, దానికి హైడ్రోజన్. హైడ్రోజన్లు వదిలేస్తే పరమాణువులు 22, వాటిని కలిపే బంధాలు 22. ద్విబంధాలు వలయంలో 3, తోకలో 1, నెత్తి మీద ఆక్సిజన్‌కు 1. అంటే కుట్టాల్సిన గీతలు 27. గీసిన కాగితం మీద ఈ 27 లెక్క తేలేదాకా సూది ముట్టుకోకూడదు. ఎడమ కొస నుంచి కుడి కొస దాకా 105 గళ్ళు, అంటే 7.5 అంగుళాలు.

కింద అక్షరాలతో కలిపితే ఎత్తు 3.75 అంగుళాలు. ఐమూల కొలిస్తే 8.4 వస్తుంది కాబట్టి బట్ట బిగించే రింగు 8 అంగుళాలది చాలదు, మూలలు రింగు కింద నలుగుతాయి. 10 అంగుళాలది తీసుకున్నాను. బట్ట పక్కలకు 3 అంగుళాలు, పైనా కిందా 5 అంగుళాలు వదిలి 13.5 అంగుళాలకు 13.75 కత్తిరించి, అంచులు ఊడకుండా మిషను మీద జిగ్‌జాగ్ వేయించాను.

లెక్క తప్పకుండా బట్ట మీద దారంతో గడులు కట్టుకోవడం క్రాస్ స్టిచ్ (గడికో ఇంటూ గుర్తు కుట్టు) వేసేవాళ్ళందరికీ తెలిసిందే. అందరూ పదేసి గళ్ళకు కడతారు. ఈ పనికి ఏడేసి గళ్ళకు నిలువు గీతలు కట్టాలి. ప్రతి ఏటవాలు బంధం పక్కకు 7 గళ్ళే కాబట్టి తోకలో ప్రతి మలుపూ ఆ గీత మీదే పడుతుంది. 105 గళ్ళకు 15 వరసలు, 16 గీతలు. తప్పు జరిగితే ఒక మలుపులోనే దొరికిపోతుంది, ఏడు మలుపులు కుట్టాక కాదు. ఆ గీతలకు మామూలు దారం వాడితే సూది దాన్ని చీల్చుకుని పోతుంది, తరువాత లాగితే రాదు. గాలానికి కట్టే సన్న నైలాన్ దారం వాడితే సూది దాన్ని పొడవలేదు. పని అయ్యాక ఒక కొస పట్టి లాగితే జారుకుంటూ వచ్చేస్తుంది. సముద్రం పక్క ఊళ్ళలో అది దొరకడం కష్టం కాదు.

దారం యాంకర్ ఆరు పోగుల లచ్చి, 8 మీటర్లది. నలుపు 403, ఎరుపు 46, ఒక నీలం, ఒక తెలుపు. నలుపు ఒక లచ్చి బంధాలకూ అక్షరాలకూ కలిపి సరిపోయి మిగిలింది. మిగతావి ఒక్కో లచ్చిలో మూర దారం కూడా పట్టవు, ఇంట్లో మిగిలిన ముక్కలు చాలు. దారం 45 సెంటీమీటర్లకు మించి కత్తిరించవద్దు. మ్యాటీలో రాసుకుని రాసుకుని చివరి జానెడు నూగు లేస్తుంది, నలుపులో అది బాగా కనబడుతుంది.

బంధాలు రెండు పోగులతో బ్యాక్ స్టిచ్, అంటే వెనక్కి వచ్చి ముందు కుట్టు కొసను కలుపుతూ పోయే కుట్టు. 8 గళ్ళంటే ఒకటిన్నర సెంటీమీటరు. దాన్ని ఒకే కుట్టుగా వేస్తే వదులై వేలాడుతుంది, గాజు బిగించేటప్పుడు పక్కకు జరుగుతుంది. రెండుగా విడగొట్టాలి. ఇక్కడే చాలామంది ఇబ్బంది పడతారు. 7కు 4 గీత రెండు కొసల మధ్య ఎక్కడా గడి మూల చిల్లు మీదుగా పోదు. దగ్గరగా ఉన్న చిల్లు వెతికి అందులో గుచ్చితే గీత మధ్యలో విరిగినట్టు వంగుతుంది. సరిగ్గా మధ్య బిందువు మూడున్నర గళ్ళు పక్కకు, రెండు గళ్ళు పైకి వస్తుంది. అంటే కింది గడికీ పై గడికీ మధ్య ఉండే సందులో, అంచు మధ్యన. అక్కడ చిల్లు ఉండదు గానీ సందు ఉంటుంది కాబట్టి మొన ఉన్న సూది తేలిగ్గా దిగుతుంది. క్రాస్ స్టిచ్‌కు వాడే మొద్దు మొన సూది అక్కడ దారాల్ని పక్కకు నెట్టి చిల్లు పెద్దది చేస్తుంది. బంధాలకు మొన సూదే వాడండి.

జంట గీతల మధ్య ఎడం 2 గళ్ళు ఉండాలి. ముందు ఒక గడి ఎడంతో వేసి చూశాను. చేతిలో ఉన్నప్పుడు రెండు గీతలుగానే ఉంది. గోడకు ఆనించి మూడడుగులు వెనక్కి వస్తే ఒక లావు గీత అయిపోయింది. తోకలో ఉన్న ద్విబంధం అలా ఒకటే గీతగా కనబడితే అది క్యాప్సైసిన్ కాదు, డైహైడ్రోక్యాప్సైసిన్. అది కూడా మిరపకాయలో ఉండేదే, అదీ మండేదే కాబట్టి కూర పాడవదు; కెమిస్ట్రీ మేడం గోడ మీద మాత్రం కుదరదు. విప్పి మళ్ళీ వేశాను. వలయం లోపలి గీతలు రెండు కొసల్లో ఒక్కో గడి తగ్గించి వేస్తే మూలల్లో చిక్కబడవు. వలయంలో జంట గీతలు ఒకటి విడిచి ఒకటి ఉంటే చాలు, ఏ మూడు అన్న పట్టింపు లేదు, రెండు రకాలుగా గీసినా అదే అణువు.

కుట్టడం బట్ట నడిమి నుంచి, అంటే నెత్తిన ఆక్సిజన్ ఉన్న కార్బన్ దగ్గర మొదలుపెట్టి ఒక కొసకు, తరువాత మళ్ళీ అక్కణ్ణుంచి రెండో కొసకు. వెనకవైపు నల్ల దారాన్ని ఒక బంధం పొడవుకు మించి మోసుకుపోకూడదు. లేత బట్టలో అది నీడలా ముందుకు కనబడుతుంది. ముళ్ళు వేయవద్దు. వెనక నాలుగైదు కుట్ల కిందుగా దారం దూర్చి కత్తిరిస్తే చాలు. ముడి ఉన్నచోట గాజు బిగించాక బుడిపె తేలుతుంది.

పరమాణువులకు అక్షరాలు కుట్టకుండా రంగు చుక్కలు పెట్టాను. ఆక్సిజన్‌కు ఎరుపు, నైట్రోజన్‌కు నీలం, హైడ్రోజన్‌కు తెలుపు అన్నది ల్యాబుల్లో బంతుల మోడళ్ళకు వాడే వాడుక. కార్బన్‌కు నలుపు, అది గీతల మలుపులోనే ఉంది. చుక్క కొలతకు చొక్కా కాలరు బొత్తాం పెట్టి నీళ్ళతో పోయే పెన్నుతో చుట్టూ గీశాను, దాదాపు 9 మిల్లీమీటర్లు. అంచు ఒక పోగుతో బ్యాక్ స్టిచ్, దాని మీదుగా రెండు పోగులతో శాటిన్ కుట్టు. మధ్య నుంచి ఒక పక్కకు, మళ్ళీ మధ్య నుంచి రెండో పక్కకు నింపాలి. ఒక అంచు నుంచి మొదలుపెడితే చివరికి చుక్క కోడిగుడ్డు ఆకారం అవుతుంది. బంధం గీతను చుక్క అంచు దగ్గరే ఆపాలి, కిందకు పోనిస్తే ఒక పక్క ఎత్తు లేస్తుంది. హైడ్రోజన్లు అన్నీ చూపించక్కరలేదు. కింది ఎడమ ఎర్ర చుక్కకు ఒకటి, నీలం చుక్క కింద ఒకటి, మూడు పోగులతో రెండు చుట్ల ఫ్రెంచ్ నాట్ వేశాను. చాలామంది చిన్నవే కదా అని వీటిని వదిలేస్తారు. అవి లేకపోతే అక్కడ లెక్క తప్పు.

బంధాలు అయ్యాక పక్కింటి అత్త చూసి, “ఏందిమే, గొంగళి పురుగు కుట్టినావు?” అంది.

“పురుగు కాదత్తా, కారం.”

“కారమంటే ఎర్రగుండాలిగా?” అని అడిగింది. నిజమే, ఆ ప్రశ్న అందరూ అడుగుతారు. మిరపకాయ ఎరుపు వేరే రంగు పదార్థాలది. మంట ఇచ్చే క్యాప్సైసిన్‌కు రంగు లేదు, అందుకే పచ్చిమిరపకాయ కూడా మండుతుంది.

అక్షరాల పని బంధాల కంటే ఎక్కువ సమయం పట్టింది. గళ్ళ బట్టకు ఇంగ్లీషు అక్షరాలు తేలిగ్గా ఒదుగుతాయి, నిలువు గీతలూ అడ్డ గీతలే కదా. తెలుగు మొత్తం వంపులు. గళ్ళు లెక్కపెట్టి క్రాస్ స్టిచ్‌తో తెలుగు రాస్తే మెట్లు మెట్లుగా వస్తుంది, దీర్ఘం ఏదో కొమ్ము ఏదో తెలియదు. అక్షరాలకు గళ్ళ సంగతి మరిచిపోయి కాడ కుట్టుతో పోవాలి. కంప్యూటర్లో ఒకే మందం గీత ఉన్న అక్షరాలు, ఒళ్ళు ముప్పావు అంగుళం ఉండేట్టు ప్రింటు తీయించి, కిటికీ అద్దానికి ఆనించి బట్ట మీద దిద్దాను.

కాడ కుట్టు రెండు పోగులు. తిన్నగా ఉన్నచోట కుట్టు 4 మిల్లీమీటర్లు, వంపులో 2. ఇది ఎందుకో సున్న దగ్గర తెలుస్తుంది. ఈ మాటలో రెండు సున్నలున్నాయి, ‘రం’లో ఒకటి, ‘ఇం’లో ఒకటి. అర అంగుళం సున్న చుట్టుకొలత దాదాపు 4 సెంటీమీటర్లు. 7 మిల్లీమీటర్ల కుట్లు వేసుకుంటూ పోతే ఆరు కుట్లకే సున్న పూర్తవుతుంది. అంటే ఆరు మూలల సున్న. పైన బెంజీన్ వలయం, కింద ఇంకో రెండు బెంజీన్ వలయాలు! 2 మిల్లీమీటర్లతో 20 కుట్లు వేస్తేనే సున్న సున్నలా ఉంటుంది. దారం ఎప్పుడూ సూదికి ఒకే పక్కన ఉండాలి. అక్షరం మధ్యలో పక్క మారితే పురి తిరగబడి అక్కడ గీత సన్నబడుతుంది.

ఇంకో సంగతి. ‘కా’కు పెట్టే దీర్ఘం చిన్న కొక్కెం. దాన్ని సరిగా విడిగా తేల్చకపోతే ‘కరం’ అని చదువుతారు. ‘కరం ఇంతే వేశాను’ అంటే పన్ను ఇంతే వేశానని. వంటింట్లో మున్సిపాలిటీ నోటీసు తగిలించినట్టుంటుంది. అలాగే ‘తే’, ‘వే’ల మీది ఏత్వం, పొట్టి ఎత్వానికి ఒక్క మెలికే తేడా. పైన అణువులో ఒక గీత ఎంత బరువో కింద తెలుగులో ఒక కొక్కెం అంతే బరువు. అందుకని దీర్ఘాలు, ఏత్వాలు కుట్టేటప్పుడు పెన్ను గీతకు పావు మిల్లీమీటరు బయటికి తేల్చి కుట్టాను, ఉతికాక దారం కొంచెం ఉబ్బినా మూసుకుపోకుండా.

ఉతుకు దగ్గర పాడైన పటాలు చాలా చూశాను. ముందు ఎర్ర దారం ముక్క తడిపి తెల్ల గుడ్డలో నొక్కి చూడాలి. రంగు దిగితే దాన్ని కుట్టకముందే చల్లనీళ్ళలో జాడించి ఆరబెట్టుకోవాలి. ఉతికాక దిగినట్టు కనబడితే మాత్రం ఆరనివ్వకూడదు. తడిగా ఉండగానే చల్లనీళ్ళు మారుస్తూ జాడించాలి. వేడినీళ్ళు వద్దు. పెన్ను గీతలు పూర్తిగా పోయాకే ఇస్త్రీ పెట్టాలి, వేడి తగిలితే కొన్ని పెన్నుల గీత అలాగే ఉండిపోతుంది. మన వైపు బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పన. అందులో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, సబ్బుతో కలిసి కరగని తెట్టులా బట్టకు పడుతుంది. బట్ట బిరుసెక్కి మాసినట్టు ఉంటుంది. సబ్బు బదులు రెండు చుక్కల షాంపూ వేసి, చివరి జాడింపుకు తాగడానికి తెచ్చుకునే క్యాను నీళ్ళు వాడాను. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో ఆరబెట్టి, మెత్తటి తువ్వాలు మీద బోర్లా వేసి వెనకవైపు ఇస్త్రీ చేశాను. తిప్పి చేస్తే ఎర్ర చుక్కలు అణిగిపోతాయి. గంజి పెట్టవద్దు, పురుగు పడుతుంది.

రాత్రి పని ఆపేటప్పుడు సూదిని బట్టలో గుచ్చి వదిలేయకండి. సముద్రపు గాలికి రెండు మూడు రోజుల్లో దాని చుట్టూ తుప్పు మరక దిగుతుంది. నిమ్మకాయ, ఉప్పుతో మరక పోతుంది గానీ పక్కనున్న దారం రంగు కూడా తగ్గుతుంది. రింగు కూడా విప్పి పెట్టాలి, లేకపోతే గుండ్రటి మడత ఉతికినా పోదు.

పటం కట్టేటప్పుడు గాజుకూ బట్టకూ మధ్య అట్ట చట్రం పెట్టించాలి. గాజు నేరుగా ఆనితే తేమ అక్కడే నిలిచి బూజు వస్తుంది. వంటింట్లో గాజు లేకుండా మాత్రం వద్దు. తాలింపు పొగతో పాటు పసుపు ఎగిరి పడుతుంది. ఆ పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడ్డట్టే, సబ్బులో ఉన్న క్షారం పని అది. భయపడి ఇంకా రుద్దకుండా నీళ్ళతో కడిగి ఎండలో పెడితే వెలిసిపోతుంది. కాకపోతే ఆ ఎండకు దారం కూడా వెలుస్తుంది.

రెండో పటం దీనికి తమ్ముడు. క్యాప్సైసిన్ తలను అలాగే ఉంచి, తోకను మొదటి కార్బన్ దగ్గరే ఆపి, ఆ కార్బన్‌కు జంట గీతతో ఒక ఆక్సిజన్ తగిలిస్తే వెనిలిన్ వస్తుంది. వెనీలా ఐస్‌క్రీం వాసన అదే. అదే తల, అవే రెండు ఆక్సిజన్లు. మంట, ఐస్‌క్రీం ఇంత దగ్గర చుట్టాలని చాలామందికి తెలియదు. దాని కింద ‘మా అన్నకు కోపం ఎక్కువ’ అని కుట్టి, కారం పటానికి ఎడమవైపు వేలాడేట్టు కట్టించాను. విడిగా చూస్తే అర్థం కాదు, పక్కపక్కన ఉంటేనే. 5 అంగుళాల రింగులో పట్టింది, రెండు పూటల పని.

మూడోది జడ. మేడం వాళ్ళ అమ్మాయి గదికి. కేస్‌మెంట్, అంటే గళ్ళు లేని నూలు బట్ట మీద డీఎన్ఏ మెలికనే జడగా కుట్టి, పైన మల్లెచెండు, కింద జడగంటలు, పక్కన ‘జడ అమ్మ పోలికే’. మూడు పాయలు ఉండాలి కదా అని చూసినవాళ్ళు అడుగుతారు. 1953 మొదట్లో లైనస్ పాలింగ్ అంతటి శాస్త్రవేత్త డీఎన్ఏకు మూడు పాయలే అల్లాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో రోజలిండ్ ఫ్రాంక్లిన్ ఎక్స్‌రే ఫలితాల ఆసరాతో వాట్సన్, క్రిక్ రెండు పాయలని ప్రకటించారు.

కొలతలు అసలు అణువు నుంచే తీసుకున్నాను. డీఎన్ఏ వెడల్పు 2 నానోమీటర్లు, ఒక పూర్తి మెలిక 3.4. జడ వెడల్పు అంగుళం పెడితే మెలిక 1.7 అంగుళాలు, మూడు మెలికలకు 5.1. రెండు పాయలు సమాన దూరంలో ఉండవు. ఒక సందు వెడల్పు, ఒక సందు ఇరుకు. ఈ కొలతకు 1.1 అంగుళం, 0.6 అంగుళం. సమానంగా పెడితే జడ అందంగానే ఉంటుంది, డీఎన్ఏ మాత్రం కాదు. మెలికకు పది మెట్లు, మొత్తం ముప్పై. మెట్టు మధ్యలో చిన్న తెల్ల కుట్లు, ఒక జతకు రెండు, ఇంకో జతకు మూడు. అవి హైడ్రోజన్ బంధాలు. పాయలు మూడు పోగుల గొలుసు కుట్టు, రెండేసి వరసలు, నిజంగా వెంట్రుకల పాయలా నిగనిగలాడింది.

ఇందులో జరిగే అసలు తప్పు డిజైను బట్ట మీదికి దింపేటప్పుడు జరుగుతుంది. మగ్గం పని వాళ్ళు చేసినట్టే బటర్ పేపరు మీద గీసి, గీత వెంబడి 2 మిల్లీమీటర్లకు ఒక చిల్లు సూదితో పొడిచి, కిరోసిన్‌లో నీలిమందు కలిపి దూదితో రుద్దుతాం. దూది గట్టిగా పిండాలి, తడి ఎక్కువైతే కాగితం కిందికి పాకుతుంది. పొయ్యి దగ్గర ఈ పని పెట్టుకోవద్దు. చిల్లుల కాగితం రెండు వైపులా ఒకేలా రంగు దింపుతుంది. బోర్లా పడితే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. అక్షరాలు తిరగబడితే ఎవరైనా చూసిన వెంటనే పట్టుకుంటారు. మెలిక తిరగబడితే కనబడదు. డీఎన్ఏ కుడివాటం మెలిక, తిరగబడితే ఎడమవాటం అవుతుంది. కారం అణువుకు ఈ బాధ లేదు, దాన్ని అద్దంలో చూసినా అదే అణువు. అక్షరాలనూ జడనూ వేరువేరు కాగితాల మీద గీసినప్పుడే ఈ పొరపాటు దొర్లుతుంది, నాకు అలాగే దొర్లింది. తరువాత రెండూ ఒకే కాగితం మీద గీశాను.

సరిచూసుకోవడానికి ఇంట్లో ఉన్న మామూలు స్క్రూ చాలు. నిలువుగా పట్టుకుంటే ముందువైపు కనబడే మరలు కింది ఎడమ నుంచి పై కుడికి ఎక్కుతాయి. జడలో కూడా ముందుకు వచ్చే పాయ అలాగే ఎక్కాలి, వెనక్కి పోయే పాయ దానికి ఎదురుగా వాలాలి. వెనక పాయను ముందు కుట్టి, దాటే చోట అర సెంటీమీటరు ఖాళీ వదిలి, ముందు పాయను దాని మీదుగా పోనివ్వాలి. నీలిమందు ఆరేదాకా పది నిమిషాలు ఆగి, తలుపు బిజాగిరీ నుంచి ఊడదీసిన స్క్రూను బట్ట పక్కన నిలబెట్టి మూడు మెలికలూ చూసుకుని, అప్పుడు సూదిలోకి నల్ల దారం ఎక్కించాను.